ఎడిటర్ యలమంద వాయిదాలు

తాళ్ళూరి యలమంద తన జన్మలో ఒక్క వార్త రాయలేదు. అయినా చిలకలూరిపేటలో పదకొండేళ్ళపాటు వెలువడిన ‘ఓగేరు వాణి’ దినపత్రికకు మొదటి సంచిక నుంచీ సంపాదకుడు అతనే. సంపాదకుడు ఒక్కటే కాదు, స్వంతదారుడు, ముద్రాపకుడు, ప్రచురణకర్త కూడా. నాలుగో పేజీ అట్టడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఈ నాలుగు హోదాలూ, వాటి పక్కన అతని పేరూ రోజూ అచ్చయ్యేవి.

ఇదంతా గురునాథం మాస్టారి పుణ్యం.

మాస్టారు జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పేవారు. సాయంత్రాలు పత్తి బజారు వెనక సందులో చిన్న అచ్చాఫీసు నడిపేవారు. శుభలేఖలు, జిన్నింగు మిల్లుల బిల్లు పుస్తకాలు, గుళ్ళో తిరునాళ్ళ కరపత్రాలు అచ్చు వేసేవారు. అక్కడ మిషను తిప్పేవాడు యలమంద. కోటప్పకొండ దాపున ఒక ఊరి నుంచి పదిహేనేళ్ళప్పుడు వచ్చి, మిషను పక్కనే పెరిగి పెద్దవాడయ్యాడు. మాస్టారికి ఎన్నాళ్ళ నుంచో ఒక దినపత్రిక పెట్టాలని కోరిక. ప్రభుత్వోద్యోగి పత్రిక పెట్టకూడదు. భార్య దుర్గాంబగారి పేరు మీద పెడదామని అడిగితే, ఆవిడ పప్పు రుబ్బుతూ తలెత్తకుండానే, “మీ పిచ్చి మీ దగ్గరే ఉంచుకోండి, నా నెత్తిన పెట్టకండి” అంది. దాంతో ఆ పిచ్చి వెతుక్కుంటూ వచ్చి యలమంద నెత్తి మీద కూర్చుంది.

“ఒరేయ్ యలమందా, రేపు ఉతికిన చొక్కా వేసుకురా. నరసరావుపేట పోవాలి” అన్నారు మాస్టారు. అది 1997 శ్రావణం.

ఆర్డీవో ఆఫీసులో అధికారి కాగితాలు చూసి, “సంపాదకులెవరు?” అని అడిగారు. యలమంద వెనక్కి తిరిగి చూశాడు, ఎవరన్నా వచ్చారేమోనని. మాస్టారు మోచేత్తో పొడిచారు.

“నేనేనండి.”

“ఏం చదివారు?”

“ఏడండి.”

“ఏడు ఏమిటి?”

“క్లాసులండి.”

మాస్టారు అడ్డం వెళ్ళారు. “వీరికి అచ్చు పనిలో చాలా అనుభవం ఉందండి.”

“మీరెవరు?” అన్నారు అధికారి.

 మాస్టారి పేరు ఈ కాగితాల దాపుల్లో ఎక్కడా ఉండకూడదు. ఆయన తడుముకుని, “నేను వీరి పత్రిక పాఠకుణ్ణండి” అన్నారు. పత్రిక ఇంకా పుట్టనే లేదు. అధికారి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నవ్వు మీసాల్లో దాచుకుని, సంపాదకుడికి ఇంత చదువుండాలని చట్టంలో ఎక్కడా లేదు గనక సంతకం పెట్టారు.

సాయంత్రం ఇంటికి రాగానే యలమంద ఈ సంగతి భార్య వెంకటేశ్వరమ్మకు చెప్పాడు. ఆమె మిరపకాయల తొడిమలు తీసే పని నుంచి వచ్చి, చేతుల మంట తగ్గడానికి కొబ్బరినూనె రాసుకుంటోంది. నాలుగు హోదాలూ వేళ్ళ మీద లెక్కపెట్టించుకుని విని, “జీతం పెంచారా?” అంది.

“లేదు.”

“మరి నాలుగు పదవులెందుకయ్యా? ఒకటిచ్చి జీతం పెంచితే పోయేదిగా.”

 మర్నాడు యలమంద ఇదే ప్రశ్న అడిగితే, మాస్టారు ఒక శుభలేఖ ప్రూఫు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

పత్రిక మొదలైంది. మాస్టారే రాసేవారు, మాస్టారే దిద్దేవారు, బడికి పోయే ముందు అక్షరాలు పేర్చినవాళ్ళను కేకలేసేవారు. ఆయన తెలుగు మామూలు తెలుగు కాదు. ఆ ఏడు పత్తికి పచ్చపురుగు పట్టి రైతులు గగ్గోలు పెడుతుంటే, ‘కార్పాస క్షేత్రముల యందు కీటక విలయ తాండవము’ అని మొదటి పేజీలో పెట్టారు. నాదెండ్ల వైపు నుంచి వచ్చిన రైతు ఒకాయన పత్రిక పట్టుకుని అచ్చాఫీసు గుమ్మం దగ్గర నిలబడి, “ఇది మా గురించేనంట, ఏం రాశారో కాస్త చెప్పు” అని యలమందను అడిగాడు. మిషను ఆపి, “పత్తికి పచ్చపురుగు పట్టిందంట” అన్నాడు యలమంద. “ఆ సంగతి నాకు తెలుసుగా” అని ఆయన పత్రిక మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మరుసటేడు మాస్టారు పురుగుమందుల కొట్టు బుల్లయ్య మీద ఒక వార్త రాశారు. డబ్బాల్లో మందు కన్నా నీళ్ళు ఎక్కువని అందులో సారాంశం. అబద్ధమేమీ కాదు. ఆ మందు కొట్టించుకున్న పురుగులు ఇంకా నిగనిగలాడాయని ఊరంతా చెప్పుకుంది. బుల్లయ్య కోర్టుకెళ్ళి పరువునష్టం దావా వేశాడు. సమన్లు నేరుగా యలమంద ఇంటికొచ్చాయి.

కోర్టులో యలమందను బోనెక్కించారు. మాస్టారు ఆఖరి వరసలో, ఒక లావుపాటి గుమాస్తా వెనక నక్కి కూర్చున్నారు.

“ఈ వార్త నువ్వే రాశావా?” అని మేజిస్ట్రేటు అడిగారు.

“లేదండి.”

“అచ్చు వేసే ముందు చదివావా?”

యలమంద నిజమే చెప్పాడు. “మిషను మీద అక్షరాలు అద్దంలో బొమ్మల్లాగా తిరగబడి ఉంటాయండి. తిప్పుతూ చదవటం కుదరదు.”

కోర్టు హాలంతా నవ్వింది. మేజిస్ట్రేటు కళ్ళజోడు తీసి తుడుచుకుని, వాయిదా వేశారు. ఆ వాయిదా మీద వాయిదా పడి, కేసు ఏళ్ళ తరబడి సాగింది. బయటికొచ్చాక మాస్టారు యలమంద భుజం మీద చెయ్యేసి, “నా పేరు బయటపడనివ్వలేదురా నువ్వు” అన్నారు. “మీ పేరడగలేదుగా మాస్టారూ, అడిగుంటే చెప్పేవాణ్ణే” అన్నాడు యలమంద. అబద్ధమాడటం అతనికి తోచదు. ఆ మాట విన్నాక మాస్టారు రెండు నెలలపాటు తుఫాన్ల గురించీ, తిరునాళ్ళ గురించీ తప్ప మరేమీ రాయలేదు.

కోర్టు బంట్రోతు “ఎడిటర్ యలమందా” అని గొంతెత్తి పిలవడంతో ఊరికి ఈ సంగతి తెలిసిపోయింది. టీ కొట్టు దగ్గర మొదట వేళాకోళానికి పిలిచారు ఎడిటర్ గారని. కొన్నాళ్ళకు వేళాకోళం పోయి పిలుపు మిగిలింది. కుళాయిలో నీళ్ళు రాకపోయినా, రేషను కార్డులో పేరు తప్పు పడినా పొద్దున్నే అతని గుమ్మం ముందుకి జనం వచ్చేవాళ్ళు. యలమంద వాళ్ళు చెప్పింది మొత్తం వినేవాడు. వినడం తప్ప అతని చేతిలో ఏమీ లేదు. అయినా మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళు. “అందరికీ చెవులిచ్చావు, నాకు మాత్రం చెవిటోడివి” అనేది వెంకటేశ్వరమ్మ, కిరసనాయిలు తెమ్మని మూడోసారి చెప్పాక.

తొంభై తొమ్మిదిలో మాస్టారికి వెల్దుర్తి వైపు బదిలీ అయింది. బడికీ పత్రికకీ మధ్య నలిగిపోయి, ఆయన ‘ఓగేరు వాణి’ని జిన్నింగు మిల్లు పిచ్చయ్యకు అమ్మేశారు. అమ్మిన రోజు మిషనుకి దణ్ణం పెట్టి, యలమందకు మాత్రం బస్సు వేళయిందని చెప్పి వెళ్ళిపోయారు.

పిచ్చయ్య పత్రిక కొన్నది చదవడానికి కాదు. ఆయనకు మునిసిపల్ కౌన్సిలరు కావాలని ఉంది. మిషను, బల్లలు, కుర్చీలు, గోడకున్న గడియారం దగ్గర్నుంచీ అన్నీ జాబితా రాయించి కొన్నాడు. పత్రిక ఎవరి పేరు మీద ఉందన్నది జాబితాలో లేదు. వకీలు గుర్తు చేస్తే, “పేరు మార్చాలంటే ఏం చెయ్యాలి?” అన్నాడు.

“ఢిల్లీ దాకా కాగితాలు పోవాలి. తర్వాత కేసులొస్తే మీరే కోర్టుకి రావాలి.”

పిచ్చయ్య ఆలోచించింది ఎంతోసేపు కాదు. “ఏరా యలమందా, నీ పేరు బాగుందిరా. మన కోటప్పకొండ పక్కన ఊరి పేరు. అదే ఉండనీ” అన్నాడు.

ఆ తర్వాత పత్రికలో పిచ్చయ్య ఫోటో లేని రోజు లేదు. చెట్టు నాటుతూ పిచ్చయ్య, పళ్ళు పంచుతూ పిచ్చయ్య, ఎవరో పంచిన పళ్ళు తింటూ పిచ్చయ్య. పత్రిక పేరులో ‘ఓగేరు’ని బాగా చిన్నది చేసి, ‘వాణి’ని అరచెయ్యంత చేశారు. పిచ్చయ్య పెద్దకూతురి పేరు వాణి. ఆ అమ్మాయి అత్తగారింట్లో దీన్ని చూసుకుని మురిసిపోయిందని, ఆ నెల కాపీలు పది ఎక్కువ పోయాయని ఆఫీసులో చెప్పుకున్నారు.

వార్డు ఎన్నికల్లో పిచ్చయ్య మీద నిలబడ్డది గాజుల కొట్టు సర్దార్‌బీ. ఆమెకు పత్రిక లేదు. ఇల్లిల్లూ తిరిగి చేతులకు గాజులు తొడిగే మనిషి కాబట్టి ఏ ఇంట్లో ఎవరికి ఏం కష్టమో ఆమెకు తెలుసు. ఆమె గురించి ‘ఓగేరు వాణి’లో వరసగా నాలుగు వార్తలు వచ్చాయి. కొట్టు ముందు కాలవ ఆక్రమించిందనీ, ఇంకా ఏవేవో. సర్దార్‌బీ గెలిచింది. గెలిచిన వారానికి నాలుగు వార్తలకూ నాలుగు దావాలు వేసింది. నాలుగు సమన్లూ ఒకే సంచిలో వచ్చాయి.

ఇక యలమందకు నెలకు రెండు వాయిదాలు. ఏ బెంచీ మీద కూర్చుంటే ఎండ రాదో, ఏ గుమాస్తాకి ఏ పూట కోపమో అతనికి తెలిసిపోయింది. కొత్తగా కోర్టుకొచ్చి కాళ్ళు వణుకుతున్నవాళ్ళకి దారి చూపించేవాడు. ఒక వాయిదా రోజు అతని తల్లి కోటప్పకొండ దగ్గర ఊళ్ళో చనిపోయింది. కబురు కోర్టుకి వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. అతను వెళ్ళేసరికి ఆమెను ఇంట్లోంచి తీసుకెళ్ళిపోయారు. తిరిగొచ్చాక ఆఫీసులో అడిగినవాళ్ళకి, “పెద్దది, పోయింది” అన్నాడంతే.

ఓడిపోయాక పిచ్చయ్యకు పత్రిక మీద మోజు తగ్గింది. 2004లో దాన్ని చైతన్యకృష్ణకి అమ్మాడు. చైతన్యకృష్ణ ముప్ఫై ఏళ్ళవాడు. హైవేని నాలుగు వరసలుగా వెడల్పు చేస్తుంటే దానికి రెండు పక్కలా ప్లాట్లు వేసి అమ్మేవాడు. అతను వచ్చీ రాగానే పాత మిషనుని ఇనప సామానువాళ్ళకి ఇచ్చేసి, కంప్యూటర్లు పెట్టించి, అచ్చు పని గుంటూరులో రంగుల్లో చేయించాడు. ఓగేరు అంటే ఎండిపోయిన వాగు పేరని, కాగితాల్లో పాత పేరు ఉండగానే, పత్రిక పైన మాత్రం ‘ఓవీ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టించాడు. యలమంద పేరు మాత్రం తియ్యలేదు. అతనికీ ఒక వకీలున్నాడు, ఆ వకీలూ అదే మాట చెప్పాడు.

మిషను పోయాక యలమందకు పని లేకుండా పోయింది. అందుకని టీలు తెచ్చే పని ఇచ్చారు. ‘ఓగేరు వాణి’ సంపాదకుడు పొద్దున్నే వచ్చి ఆఫీసు తలుపు తీసి, సబ్ ఎడిటర్ల బల్లలు తుడిచి, వాళ్ళు రాగానే టీ కప్పులందించేవాడు. వాళ్ళు “యలమందా, చక్కెర తక్కువ” అనేవాళ్ళు.

ఆ ఏడే పొన్నూరు నుంచి బిందుమాధవి అనే అమ్మాయి సబ్ ఎడిటరుగా చేరింది. చేరిన మూడో రోజు, వేరే పని లేక, పత్రిక మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. అలా చదివిన మనిషి బహుశా ఆ పత్రిక చరిత్రలో ఆమె ఒక్కతే. నాలుగో పేజీ అడుగుకి వచ్చేసరికి ఆగి, టీ తెచ్చిన యలమందను చూసింది.

“బాబాయ్, మీ పూర్తి పేరేంటి?”

“తాళ్ళూరి యలమందమ్మా.”

ఆ అమ్మాయి లేచి నిలబడింది. “మీరు కూర్చోండి” అంది. అతను ఆ ఆఫీసులో కుర్చీలో కూర్చోవడం అదే మొదలు.

కేసుల సంగతంతా విన్నాక ఆమె, “అచ్చయ్యే ముందు చదువుకోవచ్చుగా బాబాయ్” అంది. అతనికి గబగబా చదవడం రాదు. అందుకని రోజూ సాయంత్రం ఆరింటికి, పేజీలు గుంటూరుకి పంపే ముందు, బిందుమాధవి వార్తలన్నీ అతనికి చదివి వినిపించడం మొదలుపెట్టింది. అతను గోడకానుకుని వినేవాడు. పెద్ద ప్రశ్నలేవీ వేసేవాడు కాదు. “ఆ మాట ఎవరన్నారు?” “మనవాళ్ళెవరన్నా చూశారా?” “ఆ మనిషిని అడిగారా?” ఇంతే. రేపు బోనులో తనని అడిగేవే ఈ ప్రశ్నలు, అందుకని ముందే అడిగేవాడు.

ఒకరోజు మార్టూరు వైపు నుంచి ఒక వార్త వచ్చింది. ఒక పంతులు బళ్ళో తాగి పడిపోయాడని. ఫోటో కూడా ఉంది, పంతులు నేల మీద పడి ఉన్నాడు. మంచి వార్త అని అందరూ అన్నారు. యలమంద విని, “ఆ పంతుల్ని అడిగారామ్మా?” అన్నాడు. ఎవరూ అడగలేదు. బిందుమాధవి ఫోను చేసింది. పంతులు భార్య ఎత్తింది. ఆయనకి మూర్ఛ జబ్బు. ఆ రోజు మందు వేసుకోవడం మర్చిపోయాడు. ఫోను పెట్టేసి బిందుమాధవి ఆ ఫోటో తీసి పక్కన పడేసింది. ఆ వార్త వెయ్యలేదు.

చైతన్యకృష్ణ ఒక సాయంత్రం ఆఫీసుకొచ్చి ఈ చదువు చూశాడు. “ఏంటిది? టీలు తెచ్చేవాడికి పేపరు చదివి వినిపిస్తున్నారా?”

“ఎడిటర్ గారికండి” అంది బిందుమాధవి, చదవడం ఆపకుండా.

చైతన్యకృష్ణ ఒక్క క్షణం ఆ ఎడిటర్ గారెవరా అని ఆలోచించాడు. గుర్తొచ్చాక తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. అయితే తన ప్లాట్ల వార్తలు మాత్రం బిందుమాధవి చేతికి రానివ్వకుండా నేరుగా గుంటూరుకే పంపేవాడు. అలా వెళ్ళినవాటిలో ఒకటి అంగన్‌వాడీ టీచరు రెబ్కా మీద. హైవే పక్క ఆమె తాతల నాటి అర ఎకరాన్ని అమ్మనన్నందుకు, ప్రభుత్వ స్థలం ఆక్రమించిందని రాయించాడు. రెబ్కా దావా వేసింది. అది ఆరో కేసు.

2008లో నగరం నుంచి ఒక పెద్ద కంపెనీ ‘ఓగేరు వాణి’ని కొంటామని వచ్చింది. వాళ్ళకు కావలసింది ఆఫీసు కాదు, కంప్యూటర్లు కాదు, పదకొండేళ్ళుగా నమోదైన పేరు. చైతన్యకృష్ణకి హైవే పని అయిపోయింది, పత్రికతోనూ పని అయిపోయింది. కంపెనీ వకీలు రామకాంత్ గారు వచ్చి ఫైళ్ళు తిరగేసి, “అన్నీ బాగానే ఉన్నాయి. ఈ తాళ్ళూరి యలమంద గారిని కలవాలి. ఎక్కడుంటారు?” అన్నారు.

“మీ ముందు టీ పెడుతున్నారే, ఆయనేనండి” అంది బిందుమాధవి.

రామకాంత్ గారు టీ కప్పు వైపు, దాన్ని పట్టుకున్న చేతి వైపు, చైతన్యకృష్ణ మొహం వైపు చూశారు. పత్రిక ఇతనిది. ఇతను సంతకం పెట్టకపోతే ఇక్కడ అమ్మడానికి ఏమీ లేదు. ముందు ఆ టీ తాగేశారు.

మర్నాడు పొద్దున్నే చైతన్యకృష్ణ బత్తాయిల బుట్ట పట్టుకుని యలమంద ఇంటికొచ్చాడు. “యలమంద గారూ” అని పిలిచాడు. ఎవర్నో అనుకుని యలమంద వెంటనే పలకలేదు.

“చిన్న సంతకం. మీకేం కావాలో చెప్పండి” అన్నాడు.

“ఆలోచించుకుని చెబుతానండి.”

వెంకటేశ్వరమ్మ రెండు రోజులు ఆ ఆలోచన ఎక్కడిదాకా వచ్చిందో కనిపెడుతూ తిరిగింది. మూడో రోజు అన్నం పెట్టి, “ఏం అడుగుతావయ్యా?” అంది.

“కేసులు కొట్టేయించమంటా.”

ఆమె గరిటె పక్కన పెట్టింది. “అంతేనా?”

“నేను రాయని వార్తలకి పదేళ్ళు తిరిగానే. మా అమ్మ పోయిన రోజు కూడా అక్కడే ఉన్నా. రాసినోళ్ళని వచ్చి తేల్చుకోమంటా. ఆరూ తేలాక సంతకం పెడతా.”

వెంకటేశ్వరమ్మ గరిటె మళ్ళీ తీసుకుంది. ఇంకో గరిటె అన్నం వేసింది.

కేసులు కంపెనీ చూసుకుంటుందని చైతన్యకృష్ణ అన్నాడు. పాత కేసులతో తమకు సంబంధం లేదని రామకాంత్ గారు అన్నారు. ఇంక దారి లేక, రాజీ కుదిర్చే లోక్ అదాలత్ వచ్చే శనివారమేనని తెలుసుకుని, చైతన్యకృష్ణ కారేసుకుని ముందు పిచ్చయ్య మిల్లుకీ, తర్వాత మాస్టారింటికీ తిరిగాడు. పిచ్చయ్య రానన్నాడు. ఆ నాలుగు వార్తలూ ఎవరు రాయించారో బోనులో అడిగితే యలమంద చెప్పేస్తాడని గుర్తు చేశాక వస్తానన్నాడు. మాస్టారు అప్పటికి రిటైరై వెల్దుర్తి వైపే ఉంటున్నారు. ఆయన మాత్రం కండువా వేసుకుని వెంటనే కారెక్కి, దారిలో బుల్లయ్య ఇంటి దగ్గర ఆపించారు.

బుల్లయ్య పురుగుమందుల కొట్టు ఎప్పుడో మూసేసి, మంచినీళ్ళ డబ్బాలు అమ్ముతున్నాడు. ఇప్పుడు నీళ్ళే అమ్ముతున్నాడు గనక దాంట్లో మోసం లేదు. మాస్టారు చేతులు కట్టుకుని, “ఆ వార్త నేనే రాశాను బుల్లయ్యా” అన్నారు. పదేళ్ళ బరువు దిగినట్టయింది ఆయనకి.

“మీరు రాసిందేంటో నాకప్పుడు అర్థమైతేగా మాస్టారూ” అన్నాడు బుల్లయ్య. “అది నా గురించని మా వకీలు చెబితేనే తెలిసింది. ఆయనా డిక్షనరీ చూసుకుని చెప్పాడు.”

బుల్లయ్య రాజీకి ఒప్పుకున్నాడన్న సంతోషం కన్నా మాస్టారికి ఈ మాట ఎక్కువ తగిలింది. 

శనివారం కోర్టు వరండాలో ఎండ మండిపోతోంది. ‘ఓగేరు వాణి’ ముగ్గురు యజమానులూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కూర్చున్నారు. ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో వాళ్ళకి తెలియదు. యలమంద వాళ్ళను ఎండ రాని బెంచీ మీదకి మార్చి, మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. పిచ్చయ్య సెల్‌ఫోను మోగితే, “లోపల మోగితే జడ్జిగారు తీసుకుంటారండి” అని తీసి ఆపేసి ఇచ్చాడు.

లోపల జడ్జిగారు కాగితాలు చూస్తూ, “ఆరు కేసులు. ఆరింటికీ నువ్వే. చాలా రాశావయ్యా” అన్నారు.

“ఒక్కటీ రాయలేదండి. రాసినవాళ్ళూ, రాయించినవాళ్ళూ అక్కడున్నారండి.”

యలమంద చెయ్యి చూపించగానే ముగ్గురూ, ఎవరూ లేవమనకుండానే, లేచి నిలబడ్డారు.

బుల్లయ్య కేసు రెండు నిమిషాల్లో తేలిపోయింది. సర్దార్‌బీ వంతు వచ్చింది. ఆమె పిచ్చయ్య వైపు చూడను కూడా చూడలేదు. పిచ్చయ్య గొంతు సవరించుకుని, “తప్పయిపోయిందమ్మా” అన్నాడు. నాలుగు కేసులకూ నాలుగు సార్లు చెప్పించుకుంది. తర్వాత జడ్జిగారితో, “నాకు క్షమాపణలు చాలండి. ఎనిమిదేళ్ళ నుంచి ఈ ఊళ్ళో అందరి ఫోటోలూ వేశారు. నా ఫోటో ఒక్కసారి, మొదటి పేజీలో, పైన వెయ్యమనండి” అంది.

చైతన్యకృష్ణ ఏదో అనబోయాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపి, “సంపాదకుడెవరు?” అన్నారు.

యలమంద వెనక నిలబడ్డ బిందుమాధవి వైపు తిరిగి, “వెయ్యమ్మా” అన్నాడు. పదకొండేళ్ళలో సంపాదకుడిగా అతనిచ్చిన మొదటి ఆదేశం ఇది.

రెబ్కా నవ్వలేదు. ఆమెకు ఫోటో అక్కర్లేదు, క్షమాపణ అక్కర్లేదు. “ఆ అర ఎకరం మాదేనని, ముందు రాసింది అబద్ధమని, అదే పేజీలో అంతే అక్షరాల్లో వెయ్యాలి. వేశాకే సంతకం పెడతా” అంది. చైతన్యకృష్ణ తల దించుకున్నాడు. ఆ స్థలం పక్కన అతనివి ఇంకా అమ్ముడుపోని ప్లాట్లున్నాయి. ఆమె మాట పత్రికలో పడితే ఆ అర ఎకరాన్ని వాటిలో కలుపుకునే దారి మూసుకుపోతుంది. చాలాసేపు బయటికి వెళ్ళి ఫోన్లు మాట్లాడొచ్చాడు. చివరికి ఒప్పుకున్నాడు.

మంగళవారం పత్రికలో పైన సర్దార్‌బీ రెండు చేతులా గాజులతో నవ్వుతోంది. కింద రెబ్కా స్థలం సర్వే నంబరుతో సహా ఉంది. ఆ రెండూ బిందుమాధవి ముందు రోజు సాయంత్రం ఆరింటికి చదివి వినిపించింది. యలమంద విని, సర్వే నంబరు ఎవరు చూశారని అడిగాడు. తనే మండలాఫీసుకెళ్ళి చూసొచ్చానంది. అప్పుడు పంపమన్నాడు.

ఆ వారమే రెబ్కా సంతకం పెట్టింది. మరునెల యలమంద నరసరావుపేట వెళ్ళి పత్రిక బదిలీ కాగితాల మీద తనూ సంతకం పెట్టి వచ్చాడు. ఆ రోజు అతనితో వెళ్ళింది వెంకటేశ్వరమ్మ. పని మానుకుని మరీ వచ్చింది, ఇంకేవన్నా పదవులు తగిలిస్తారేమోనని. కంపెనీ చిలకలూరిపేటలో ఆఫీసు మూసేసింది. బిందుమాధవి గుంటూరు వెళ్ళింది. ఏడాది తిరక్కుండా ‘ఓగేరు వాణి’ ఆ కంపెనీ పెద్ద పత్రికలో జిల్లా పేజీగా మారి, ఇంకో ఏడాదికి ఆ పేజీ పేరు కూడా పోయింది.

యలమందకు మొదట్లో ఏమీ తోచలేదు. వాయిదా రోజులు గుర్తొచ్చి ఉతికిన చొక్కా వేసుకుని బయల్దేరి, బజారు దాకా వెళ్ళి తిరిగొచ్చేవాడు. ఒకసారి అలా కోర్టు దాకా వెళ్ళాడు. ఎదురుగా రంజాన్ అని జిరాక్సు, టైపింగు కొట్టు నడిపే మనిషున్నాడు. అర్జీలు రాయించుకోవడానికి వచ్చినవాళ్ళు కథంతా చెబుతుంటే రంజాన్‌కి ఏది టైపు చెయ్యాలో తెలిసేది కాదు. యలమంద పక్కన కూర్చుని, “ఆ మాట ఎవరన్నారు? నువ్వు చూశావా?” అని రెండు ప్రశ్నలడిగి, నాలుగు వాక్యాలు చెప్పాడు. రంజాన్ టైపు చేశాడు. మర్నాడు రమ్మన్నాడు. అప్పట్నుంచి అతని పని అక్కడే.

ఒక మధ్యాహ్నం కావూరు నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. గట్టు తగాదా. పక్క చేనువాళ్ళ తాత కాలం నుంచి మొదలుపెట్టి, మధ్యలో రెండు పెళ్ళిళ్ళు, ఒక ఎద్దు కొనడం, మిరపనారు అరువివ్వడం అన్నీ చెప్పింది. యలమంద అరగంట విని, అర్జీ చెప్పి, రంజాన్ టైపు చేసిన కాగితం ఆమెకు చదివి వినిపించాడు. ఐదు వాక్యాలు.

ఆమె కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. “నేను చెప్పింది ఇంతేనా?”

“కోర్టుకి ఇది చాలమ్మా.”

“మరి ఎద్దు సంగతి?”

రంజాన్ టైపు మిషను మీద గుడ్డ కప్పి, అన్నం క్యారేజీ తీసుకుని లేచాడు. యలమంద ముక్కాలిపీట ఆమె వైపు జరిపి, “అది నాకు చెప్పు, వింటా” అన్నాడు. ఆమె కూర్చుని, ఎద్దుని ఏ సంతలో కొన్నారో అక్కణ్ణుంచి మొదలుపెట్టింది.